నాకు నేను వేసుకున్న మార్కులు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం మాస్టారు తెలుగులో ఉపన్యాసమిస్తున్నాడేమిటని కొందరికి అనుమానం రావచ్చు. కారణం తమకు తెలియనిది కాదు. మన యిళ్ళలో ఉర్దూ మాట్లాడేవారు చాలామందే వున్నారుగానీ చదవగలిగేవారు తగ్గిపోయినారు. ఈ సంచికను యింటికి తీసుకుపోతే మన పిల్లలు చదివేది తెలుగు పేజీలే. ఉర్దూ గురించి చెప్పవలసిన మాట కూడా తెలుగులో చెబితేనే యింట్లో నలుగురికీ చేరుతుంది. చేరడం అనే మాటను జ్ఞాపకం పెట్టుకోండి. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాట చుట్టే తిరుగుతుంది.

కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం "ఉపాధ్యాయుడు - ఆధునిక సాంకేతిక పరిజ్ఞానం". ఇటువంటి విషయమిస్తే కంప్యూటరు గొప్పదనాన్ని పొగిడి, యువత దాన్ని సద్వినియోగం చేసుకోవాలని కోరి, చప్పట్లు కొట్టించుకుని కూర్చోవచ్చు. ఆ పని నాకంటే బాగా చెయ్యగలవారు మనలో వున్నారు. నేను వేరే పని చేస్తాను. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు మార్కులు వేస్తున్నవాణ్ణి. ఈ విషయంలో నాకు నేను మార్కులు వేసుకుంటే ఎన్ని వచ్చినాయో తమ ముందు చదివి వినిపిస్తాను. నేను చెప్పేది లెక్కల పాఠం. వయసు నలభై ఆరు. కడప జిల్లాలోని ఒక ఉర్దూ మీడియం హైస్కూల్లో పని.

బడికి యంత్రం రావడం కొత్త సంగతేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఏడాదిపాటు మన దేశంలో 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికావారి ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందించినారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున పూట బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహాన్ని వారు వెనక్కి తీసుకున్నారు. తర్వాత 1984-85లో 'క్లాస్' అనే పథకం కింద దేశంలో కొన్ని బడులకు బి.బి.సి. మైక్రో అనే కంప్యూటర్లు యిచ్చినారు. ఆ తర్వాత కంప్యూటరు గదులు, ప్రొజెక్టర్లు, ఇప్పుడు గోడంత పెద్ద తెరలు. యంత్రాలకు కొదవ లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడిలో కూడా ఒక కంప్యూటరు గది వుండేది. దాని తాళంచెవి హెడ్మాస్టరుగారి బీరువాలో, ఆ బీరువా తాళంచెవి వారి జేబులో. దుమ్ము పడకుండా కప్పిన గుడ్డలు మాత్రం నెలకొకసారి ఉతికేవారు. అందులో హెడ్మాస్టరుగారి తప్పేమీ లేదు, చెడిపోతే సంజాయిషీ చెప్పుకోవలసింది ఆయనే. నేనూ ఏనాడూ ఆ తాళంచెవి యివ్వండి సార్ అని అడిగినవాణ్ణి కాను. అడిగితే వాడవలసి వస్తుందని భయం.

అలాగని నాకు కంప్యూటరు బొత్తిగా రాదనుకోవద్దు. ఇక్కడ ఉర్దూ లిపి గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకుంటే నా తప్పు తమకు అర్థం కాదు.

ఉర్దూ రాసేది నస్తాలీఖ్ పద్ధతిలో. అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, పై నుంచి కిందికి వాలుతూ, కుడి నుంచి ఎడమకు పోతాయి. అక్షరం మాటలో ఎక్కడ పడిందనే దాన్ని బట్టి దాని రూపం మారిపోతుంది. ఈ వాలు, ఈ కూర్పు సీసపు అచ్చుకు లొంగలేదు. అందుకే మిగతా భాషలు చాలావరకు అచ్చు అక్షరాలలోకి పోయినా, ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబుల చేతిరాతతోనే వచ్చినాయి. కాతిబు రాసినదాన్ని రాతి మీదికి, తర్వాత రేకు మీదికి ఎక్కించి ముద్రించేవారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్‌గారి నూరీ నస్తాలీఖ్ వచ్చింది. వేల సంఖ్యలో అక్షరాల కూర్పులను చేత్తో రాసి యంత్రానికి అప్పగించినారు. 1994 నుంచి ఇన్‌పేజ్ అనే సాఫ్టువేరు వచ్చి ఆ సౌకర్యం మామూలు కంప్యూటరులోకి దిగింది. చిన్న వూళ్ళలో కూడా పెళ్ళి కార్డులు, పోస్టర్లు, ప్రశ్నపత్రాలు ఇన్‌పేజ్‌లోనే తయారయ్యేవి. నేను నిరుద్యోగిగా వున్న రోజుల్లో ఒక సెంటర్లో ఆరునెలలు కూర్చుని దాన్ని నేర్చుకున్నాను. నిమిషానికి యిన్ని మాటలు కొడతానని గర్వంగా కూడా వుండేది. మా బడి ప్రశ్నపత్రాలన్నీ నేనే కొట్టేవాణ్ణి. "మన సార్‌కు కంప్యూటర్ వచ్చు" అని నాకు పేరు. ఆ పేరు పదిహేనేళ్ళు నన్ను కాపాడింది, కొత్తదేమీ నేర్చుకోనివ్వకుండా.

2020 మార్చిలో బడులు మూతబడినాయి. ఆ సంగతి మళ్ళీ వర్ణించి తమను బాధపెట్టను. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేసినారు, ఫోన్లలో పాఠాలు చెప్పమన్నారు. మేము కూడా పదో తరగతికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టినాము. నేను ఎంతో శ్రద్ధగా బీజగణితం పాఠాలు ఇన్‌పేజ్‌లో కొట్టి, ఆ ఫైళ్ళనే గ్రూపులో పంపినాను. పాత ఇన్‌పేజ్ ఫైలుకు ఒక లక్షణం వుంది. ఆ సాఫ్టువేరు వున్న కంప్యూటరులో తప్ప అది తెరుచుకోదు. అందులోని అక్షరాలను తీసి మరోచోట అతికిస్తే ఉర్దూ కనబడదు, పిచ్చి గుర్తులు కనబడతాయి. ఎందుకంటే అన్ని ఫోన్లు, కంప్యూటర్లు ఒప్పుకున్న యూనికోడ్ పద్ధతిలో కాకుండా దాని సొంత పద్ధతిలో అది అక్షరాలను దాచుకుంటుంది. పంపేముందు ఆ పాఠాన్ని పీడీఎఫ్‌గా మార్చి వుంటే ఏ ఫోన్లోనైనా చక్కగా కనబడేది. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల పని నాకు తెలియదు. తెలియదని కూడా తెలియదు.

క్లాసులో ఒక అమ్మాయి వుండేది. లెక్కల్లో నాకిష్టమైన విద్యార్థిని. తండ్రి ఆటో తోలేవాడు. యింటికంతా ఒకటే ఫోను, అది ఆయనతో పాటు పొద్దున పోయి రాత్రి తొమ్మిదికి వచ్చేది. నేను పాఠం చెప్పేది పదిగంటలకు. రాత్రిపూట ఆ అమ్మాయి మెసేజ్ పెట్టేది, "సార్, ఫైలు తెరుచుకోవడం లేదు" అని. మూడుసార్లు పెట్టింది. నేనేమన్నానో చెప్పమంటారా? "మీ ఫోను పాతదమ్మా, ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి" అన్నాను. నాలుగోసారి ఆ అమ్మాయి అడగలేదు. హాజరుపట్టీలో నేను ఆమె పేరు ఎదురుగా వరసగా గైర్హాజరు వేసుకుంటూ పోయినాను.

2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడులు తెరిచినారు. ఆ అమ్మాయి రాలేదు. వారం రోజులు చూసి నేనే వాళ్ళింటికి పోయినాను. గుమ్మం పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని వుంది. నన్ను చూసి లేచి సలాం చేసి లోపలికి పోయింది. తల్లి గడప దగ్గర నిలబడి అన్నది - "తప్పుగా అనుకోవద్దు సార్. పాఠాలేమీ అర్థం కావడం లేదు, నేను వెనకబడిపోయినాను అమ్మీ అని ఒకటే ఏడుపు. సరేలెమ్మని పనిలో కూర్చోబెట్టినాము." నేను నచ్చచెప్పినాను. ఒక పదిరోజులు వచ్చింది, మళ్ళీ మానేసింది. 2021లో పదో తరగతి పరీక్షలు రద్దయినాయి. అందరినీ పాస్ చేసినారు. ఆ అమ్మాయి కూడా పాస్. ఇంటర్మీడియట్‌లో మాత్రం చేరలేదు. ఆమె మెమోలో పాస్ అని వుంది. నా మనసులో వున్న పుస్తకంలో ఆ సంవత్సరం ఫెయిలైనవాడు ఒకడున్నాడు, వాడు విద్యార్థి కాడు.

ఫోను పాతది కాదు, నా విద్య పాతది అని నాకు తెలిసింది ఆ తర్వాత ఆరునెలలకు. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు చెప్పినాడు. "సార్, మీరు పంపేది ఎవరికీ తెరుచుకోదు సార్. చెబితే కోప్పడతారని ఎవరూ చెప్పలేదు" అన్నాడు. నలభై మంది పిల్లలకు తెలిసిన సంగతి నాకొక్కడికే తెలియదు.

మరొక తప్పు కూడా చెబుతాను, ఇది కొంచెం నవ్వుకోదగ్గది. ఆ పిల్లవాడి పుణ్యాన యూనికోడ్ ఉర్దూలో టైపు చెయ్యడం నేర్చుకున్నాను. ఆరో తరగతికి ఫోన్లోనే చిన్న పరీక్ష తయారుచేసి పంపినాను. ఉర్దూ వాక్యం మధ్యలో 8 - 3 ఎంత అని అడిగినాను. ముప్ఫైమందిలో ఇరవైమంది 'మైనస్ 5' అని రాసినారు. మైనస్ సంఖ్యలు అప్పుడే నేర్పిన పాఠం. కోపమొచ్చింది. ఇంత చెప్పినా యింతేనా అని తిట్టడానికి సిద్ధమై ప్రశ్నను మళ్ళీ చూసినాను. తెర మీద వున్నది 3 - 8. కుడి నుంచి ఎడమకు పోయే వాక్యంలో లెక్క యిరుక్కుంటే, యంత్రం అంకెల క్రమాన్ని కూడా కుడి నుంచి ఎడమకు తిప్పేస్తుంది. నేను కొట్టింది 8 - 3, పిల్లలు చదివింది 3 - 8. వాళ్ళ జవాబే సరైనది. సున్నా పెట్టవలసింది మాస్టారుకు. దీనికి మందు సులువే. లెక్కను వాక్యంలో యిరికించకుండా విడిగా మరో వరుసలో, ఎడమ నుంచి కుడికి పోయేటట్టు పెట్టాలి. తెలుగు మీడియం మాస్టారుకు, ఇంగ్లీషు మీడియం మాస్టారుకు ఈ బాధ లేదు. ఉర్దూ మీడియం లెక్కల మాస్టారుకు మాత్రమే వుంది. అందుకని దీన్ని మాకెవరూ శిక్షణలో చెప్పలేదు. మన బాధలు మనమే ఒకరికొకరం చెప్పుకోవాలనే దానికి యిదొక తార్కాణం.

ఇంక మార్కుల సంగతి. ఒక శిక్షణా తరగతిలో మాకొక కాగితం యిచ్చినారు. ఈమెయిలు పంపగలరా, వీడియో చూపగలరా, పట్టిక తయారు చెయ్యగలరా అని వరసగా ప్రశ్నలు. పక్కన 'వచ్చు', 'కొద్దిగా వచ్చు', 'రాదు' అని మూడు గళ్ళు. నా పక్కన కూర్చున్న మిత్రుడు చూస్తున్నాడని అన్నిటికీ 'వచ్చు' అని గుర్తు పెట్టినాను. ఆయన నన్ను చూసి ఆయనా పెట్టినాడు. యింటికొచ్చి ఆలోచిస్తే సిగ్గేసింది. ఆ కాగితం ప్రకారం చూస్తే, ఆ అమ్మాయికి ఫైళ్ళు పంపిన ఏడాది కూడా నేను ఫస్టుక్లాసు మాస్టారునే. ఫైలు పంపడం వచ్చా? వచ్చు. అది చేరిందా అనే గడి ఆ కాగితంలో లేదు.

యునెస్కోవారు ఉపాధ్యాయుల కోసం యిటువంటి ప్రమాణాల పట్టిక ఒకటి తయారు చేసినారు. మొదట 2008లో, తర్వాత 2011లో, 2018లో దాన్ని సవరించినారు. అందులో మూడు మెట్లు. యంత్రాన్ని ఉపయోగించి వున్న పాఠాన్నే చెప్పడం మొదటి మెట్టు. దానితో పిల్లలు నిజజీవితంలోని చిక్కులను విప్పేటట్టు చెయ్యడం రెండోది. పిల్లలూ మాస్టారూ కలిసి కొత్త విషయాలను తయారు చెయ్యడం మూడోది. బోధన, పాఠ్యక్రమం, నిర్వహణ వంటి ఆరు అంశాలకు మూడేసి మెట్ల చొప్పున మొత్తం పద్ధెనిమిది. మంచి పట్టికే. దాన్ని చదివి నేను మూడో మెట్టు మీద లేనని, మొదటి మెట్టు మీద కూడా ఒక కాలే పెట్టినానని గ్రహించినాను. కాకుంటే మా బడికి, మా పిల్లలకు సరిపోయే చిన్న పట్టిక ఒకటి కావాలనిపించింది. ఒక నోటుబుక్కులో అయిదు ప్రశ్నలు రాసుకున్నాను. ఒక్కొక్కదానికి యిరవై మార్కులు.

మొదటిది తయారీ. ఉర్దూలో పాఠం గానీ ప్రశ్నపత్రం గానీ తప్పుల్లేకుండా, ఎక్కడైనా తెరుచుకునేటట్టు తయారు చెయ్యగలనా? రెండోది చేరవేత. అది ప్రతి పిల్లవాడికీ, ముఖ్యంగా ఫోను లేని పిల్లకు, చేరిందా? చేరినట్టు నాకెట్లా తెలుసు? మూడోది అవసరం. ఈ పాఠానికి యంత్రం నిజంగా కావాలా, నల్లబల్ల చాలదా? నాలుగోది ఫలితం. చూపించిన తర్వాత పిల్లవాడు తనంతట తాను ఆ లెక్క చెయ్యగలిగినాడా? అయిదోది జాగ్రత్త. కరెంటు పోతే, నెట్టు రాకపోతే నా చేతిలో ఏముంది? పిల్లల ఫోటోలు, ఫోన్ నెంబర్లు నా ఫోన్లో వున్నాయి, వాటిని భద్రంగా వుంచుతున్నానా?

నాకు నేను మార్కులు వేసుకున్నాను. నూటికి 72 వచ్చినాయి. పర్వాలేదే అనుకున్నాను. మరునాడు ఆ పట్టికనే మా బడిలో సైన్సు చెప్పే టీచరమ్మగారికి, పదో తరగతి పిల్లలు ముగ్గురికి యిచ్చి, పేరు రాయకుండా నాకు మార్కులు వెయ్యమన్నాను. పిల్లలు ముందు ఒప్పుకోలేదు. ఉస్తాదుకు మార్కులెయ్యడమేమిటని చెవులు పట్టుకున్నారు. బతిమాలినాను. నాలుగు కాగితాలూ కలిపి సగటు తీస్తే తయారీ 9, చేరవేత 4, అవసరం 7, ఫలితం 6, జాగ్రత్త 12. మొత్తం 38.

72కీ 38కీ మధ్య తేడా 34. ఆ 34 నా కంప్యూటరు జ్ఞానంలోని లోపం కాదు. అది నా పేరు, నా వయసు, నా కుర్చీ కలిసి వేసిన గ్రేసు మార్కులు. 38 అంటే పాసే కదా అని మా యింట్లో నన్ను ఓదార్చినారు. నిజమే, పాస్ మార్కు 35. కానీ చేరవేతలో యిరవైకి నాలుగు. ఒక్క పేపరులో పోయినవాణ్ణి మనం పాస్ అనము. సభాముఖంగా మనవి చేస్తున్నాను, ఉపాధ్యాయుడు తన నేర్పును తానొక్కడే కొలుచుకుంటే ఆ కొలత ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. కొలిచే కర్ర రెండో కొస పిల్లవాడి చేతిలో వుండాలి.

తర్వాత ఏం చేసినానో క్లుప్తంగా చెబుతాను. పెద్ద పనులేమీ కాదు. ఏది పంపినా ముందు మా ఆవిడ ఫోనుకు పంపి, అక్కడ తెరుచుకుంటేనే పిల్లలకు పంపుతున్నాను. రాత్రి పూట మాత్రమే ఫోను దొరికే పిల్లలు ఎవరో పేర్లు రాసుకుని, వారికోసం నాలుగైదు నిమిషాల పాఠాన్ని నా గొంతుతో రికార్డు చేసి పెడుతున్నాను. వీడియోకు అయ్యే డేటాలో అది కొంచెమే ఖర్చవుతుంది. ఫోనే లేని పిల్లలకు కాగితం మీద యిస్తున్నాను. అందులో చిన్నతనమేమీ లేదు. కాగితం కూడా ఒకప్పుడు కొత్త యంత్రవిద్యే.

అవసరం అనే ప్రశ్న దగ్గర మాత్రం నేను బాగా దెబ్బతిన్నాను. మా బడికి గోడకు బిగించే పెద్ద తెర వచ్చింది. భిన్నాల పాఠానికి రంగురంగుల వీడియో వేసినాను. పిల్లలు కళ్ళప్పగించి చూసినారు. అధికారులొచ్చి భేష్ అన్నారు. మరునాడు పలకల మీద 1/2, 1/3 రెంటిలో ఏది పెద్దదని అడిగితే, మూడు పెద్దది కాబట్టి 1/3 పెద్దది అన్నవాళ్ళే ఎక్కువ. అప్పుడు పాత న్యూస్‌పేపర్ను రిబ్బన్లుగా కత్తిరించి ఒక్కొక్కరికి రెండేసి యిచ్చినాను. ఒకదాన్ని రెండు మడతలు, ఇంకొకదాన్ని మూడు మడతలు పెట్టి పక్కపక్కన పెట్టి చూడమన్నాను. పదినిమిషాల్లో గొడవ తీరిపోయింది. అదే తెర మీద గోళం, శంకువు వంటి ఆకారాలను తిప్పి చూపిస్తే మాత్రం, నేను నల్లబల్ల మీద యిరవై ఏళ్ళు గీసినా అర్థం కానిది పిల్లలకు ఒక్కపూటలో అర్థమయింది. కాబట్టి తెర మంచిదా చెడ్డదా అనే ప్రశ్నే తప్పు. ఏ పాఠానికి తెర, ఏ పాఠానికి కాగితం అనేది తెలియడమే మాస్టారి నేర్పు. దాన్ని ఏ కంపెనీవాడూ పెట్టెలో పెట్టి పంపలేడు.

ఈమధ్య అడిగిందే తడవుగా ప్రశ్నపత్రం రాసిపెట్టే యంత్రాలు కూడా వచ్చినాయి. 2022 నవంబరు చివర్లో చాట్ జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి ఈ మాట యింటింటా వినబడుతోంది. నేనూ వాడి చూసినాను. ఒకసారి వర్గమూలం మీద ప్రశ్నలను ఇంగ్లీషు నుంచి ఉర్దూలోకి మార్పించినాను. లెక్కల్లో వర్గమూలాన్ని ఉర్దూలో 'జజర్' అంటాము. యంత్రం ఒకచోట 'జడ్' అని రాసింది. జడ్ అంటే చెట్టు వేరు. చదువు వచ్చినవాడు నవ్వుకుని దిద్దుకుంటాడు. దిద్దే మాస్టారు లేకపోతే పిల్లవాడు 49కి చెట్టు వేరు వెతుకుతాడు. ఇటువంటి యంత్రం దగ్గర పని తీసుకోవాలంటే మనకు భాష మరింత బాగా రావాలి, లెక్క మరింత బాగా రావాలి. యంత్రం వచ్చింది కదా, ఇక మాస్టారెందుకు, ఉర్దూ ఎందుకు అనేవారికి నా జవాబు యిదే.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఆ పట్టికనే అదే విధంగా వేయించుకున్నాను. తయారీ 15, చేరవేత 11, అవసరం 13, ఫలితం 12, జాగ్రత్త 14. మొత్తం 65. ఈసారి నేను విడిగా వేసుకున్నవి 68. తేడా మూడు మార్కులకు దిగింది. 65 కంటే ఆ తేడా తగ్గినందుకే నాకు ఎక్కువ సంతోషం. చేరవేత యింకా 11 దగ్గరే ఆగింది. అది నా ఒక్కడి చేతిలో లేదు. అందుకే తమ ముందుకు వచ్చినాను.

ఈ సంవత్సరం సంఘం తరఫున ఉర్దూ బడులకు కంప్యూటర్లు కొనివ్వాలనే ప్రతిపాదన వున్నదని విన్నాను. దాతల ఉద్దేశ్యం గొప్పది, వారికి నా కృతజ్ఞతలు. అయినా చిన్నవాణ్ణి అనుకోకుండా నా మాట వినండి. ఆ డబ్బులో సగం కంప్యూటర్లకు పెట్టి, సగం మరో మూడు పనులకు పెట్టండి.

ఒకటి, నెలకొక ఆదివారం చుట్టుపక్కల ఉర్దూ మాస్టర్లు, టీచరమ్మలు ఒకచోట కూర్చునే ఏర్పాటు. ఉపన్యాసాలు వద్దు. నీకు రానిది నేను చెబుతాను, నాకు రానిది నువ్వు చెప్పు. 8 - 3 తిరగబడే సంగతి వంటివి అక్కడ ఒక్కరు చెబితే పదిమంది బాగుపడతారు. కంప్యూటరు చదివిన మన పిల్లలు చాలామంది హైదరాబాదులో, బెంగుళూరులో వున్నారు. సెలవులకు వచ్చినప్పుడు ఒక ఆదివారం మాకివ్వమనండి.

రెండు, ఒక అయిదారు ఫోన్లు కొని సంఘం దగ్గర వుంచి, గ్రంథాలయంలో పుస్తకాలిచ్చినట్టు పరీక్షల నెలల్లో పదో తరగతి పిల్లలకు, ముందుగా ఆడపిల్లలకు, వాడుకోవడానికి యివ్వడం. యింట్లో ఒకే ఫోను వుంటే అది ముందు తండ్రికి, తర్వాత అన్నకు, ఆఖరున చెల్లెలికి. ఇది నిందగా అనడం లేదు, మా యింట్లోనూ అంతే జరిగింది.

మూడు, మన దగ్గరున్న పాత ఉర్దూ ప్రశ్నపత్రాలు, పాఠాలు ఎన్నో ఇన్‌పేజ్ ఫైళ్ళలో, చేతిరాతలో మూలబడి వున్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి రాయించాలి. కాతిబుల కాలం నుంచి కంప్యూటరు దాకా వచ్చిన భాష ఒక మెట్టు దగ్గర ఆగిపోతే, తప్పు భాషది కాదు, మనది.

తల్లిదండ్రులకు కూడా ఒక్క మాట. పిల్ల "పాఠం తెరుచుకోవడం లేదు" అంటే ఫోనును, పిల్లను తిట్టకండి. నేరుగా మాస్టారును అడగండి. మాకు కోపం వస్తుందేమోనని మొహమాటపడకండి. ఆ రోజు ఆ తల్లి ఒక్కసారి బడికొచ్చి, "సార్, తప్పు మీ దగ్గరుందేమో చూసుకోండి" అని వుంటే ఆ అమ్మాయి ఈపాటికి డిగ్రీ పూర్తి చేసేది. అడగనందుకు ఆమెది తప్పు కాదు. అడగలేనంత ఎత్తులో కూర్చున్న నాది తప్పు.

ఈ సభకు బయలుదేరేముందు ఆ అమ్మాయి యింటికి పోయి, నీ సంగతి పేరు చెప్పకుండా సభలో చెప్పవచ్చా అని అడిగినాను. పెళ్ళి కాలేదింకా, కుట్టుపని చేసుకుంటోంది. కాసేపు ఆలోచించి, "చెప్పండి సార్. కాకుంటే నేను లెక్కల్లో మంచిదాన్నని కూడా చెప్పండి" అన్నది. చెప్పినాను. ఇంటర్మీడియట్ ఓపెన్ స్కూలు ద్వారా కట్టవచ్చని దరఖాస్తు గురించి కూడా మాట్లాడి వచ్చినాను. ఆలోచిస్తానన్నది. చేరితే లెక్కలు నేను చెబుతాను, ఆమె చెప్పిన వేళకు, ఆమెకు తెరుచుకునే పద్ధతిలో.

వచ్చే సంవత్సరం ఈ సమావేశంలో ఎవరైనా లేచి, "మాస్టారూ, చేరవేతలో ఈసారి ఎన్ని?" అని నన్ను అడగండి. సభలో అడిగితే జవాబు చెప్పక తప్పదు కాబట్టి ఏడాది పొడుగునా జాగ్రత్తగా వుంటాను.